కాంట్రాక్టు కాపురం

"గుడ్ నైట్!" అంటూ ఆవిడ మా గుమ్మంలోకి వచ్చింది.

రాత్రి ఏడు గంటలైంది. మేము ఆ ఇంట్లో దిగి అప్పటికి నాలుగు గంటలు కూడా కాలేదు. విప్పని పెట్టెల మీదే కూర్చుని, రేపు పాలెక్కడ దొరుకుతాయా అని ఆలోచిస్తున్నాం. వస్తూనే సెలవు తీసుకునే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. తెల్లబోయి, నేనూ "గుడ్ నైట్" అనేసి, ఆవిడ వెళ్ళిపోవడానికి వీలుగా పక్కకి తప్పుకున్నాను. ఆవిడ వెళ్ళలేదు. నేను తప్పుకున్న సందులోంచే చక్కా లోపలికి వచ్చి, చేతిలోని గిన్నె వంటగదిలో పెట్టి, మావాడి బుగ్గ గిల్లి, "పొద్దున్నించీ ఏం తిన్నాడో బిడ్డ!" అంది.

గిన్నెలో పప్పు కూరిన రొట్టెలూ, బంగాళాదుంప కూరా వున్నాయి. ఆ దేశంలో చీకటి పడ్డాక పలకరింపు మాట "గుడ్ నైటే"నని నాకు తెలియడానికి మర్నాటిదాకా పట్టింది.

ఆ దేశం ట్రినిడాడ్. వెస్టిండీస్ అంటే మనకి క్రికెట్టే జ్ఞాపకం వస్తుంది కదా, ఆ దీవుల్లో అన్నిటికన్నా దక్షిణాన వున్నది. అక్కణ్ణించి సముద్రం మీద ఏడు మైళ్ళు పోతే వెనెజ్యులా. దీవి మొత్తం కలిపి మన చిన్న జిల్లా అంత. పదమూడు లక్షల పైచిలుకు జనం. అందులో మూడోవంతుకు పైగా మన దేశం నుంచి వెళ్ళిన వాళ్ళ సంతానమే. మావారు అమ్మోనియా ప్లాంట్లలో పనిచేసే ఇంజనీరు. అక్కడి సహజవాయువుతో నడిచే ఫ్యాక్టరీలో మూడేళ్ళ కాంట్రాక్టు దొరికితే 2012లో వెళ్ళాం. ఇల్లు, కారు, ఏడాదికోసారి రానూపోనూ టిక్కెట్లు అన్నీ కాంట్రాక్టులోనే వున్నాయి. ఈ టిక్కెట్ల సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ చెబుతాను.

పక్కింటావిడని వీధి వీధంతా "నానీ" అని పిలిచేది. నానీ అంటే వాళ్ళకి అమ్మమ్మ. మనకేమో చంటి కుర్రాడి ముద్దుపేరు. డెబ్భై అయిదేళ్ళ మనిషిని పట్టుకుని "నానీ" అని పిలవాలంటే మొదట్లో నాకు నవ్వాగేది కాదు. ఆవిడ నన్ను "బేటీ" అనేది. చెప్పొద్దూ, "బేటీ", "నానీ", "దాల్", "రోటీ" లాంటి కొన్ని మాటలు తప్పితే ఆవిడకి హిందీ రాదు. ఇంగ్లీషే మాతృభాష. ఆ ఇంగ్లీషు కూడా పాట పాడినట్టుండి, నాకు సగమే అర్థమయ్యేది.

వంటింటి మాటలు మాత్రం నన్ను రోజూ తికమక పెట్టేవి. వంకాయ "బైగన్", జీలకర్ర "గీరా". పచ్చిమామిడికాయ కోరి, రసం పిండేసి, మసాలా, వెల్లుల్లి, ఆవనూనె కలిపి సీసాలో పెట్టే పచ్చడి పేరు "కుచేలా"! అటుకులు లేని కుచేలుణ్ణి అక్కడే చూశాను. బజారులో కరివేపాకుని "కరాపులే" అంటుంటే విని నిలబడిపోయాను. అది హిందీ మాట కాదు. అరవ "కరివేప్పిలై" నోరు మారి అలా అయింది. అంటే మన దక్షిణాది వాళ్ళెవరో ఎప్పుడో ఇక్కడ ఒక మొక్క నాటి, దాని పేరు కూడా నాటి పోయారన్నమాట.

వెళ్ళిన రెండు నెలలకే దీపావళి వచ్చింది. 1966 నుంచీ అక్కడ దీపావళి దేశమంతటికీ సెలవు. పది రోజుల ముందునుంచే వీధుల్లో పచ్చివెదురు చీల్చి, విల్లులా వంచి, తోరణాలు కట్టడం మొదలెట్టారు. ఆ వెదురు బద్దల మీద వరసగా మట్టిప్రమిదలు. వాటిని "దియా" అంటారు. మాంసం మానేసి, ఇల్లు కడిగి, లక్ష్మీపూజ చేసి, చీకటి పడగానే వేల దీపాలు. నల్లవాళ్ళూ, క్రైస్తవులూ, ముస్లిములూ అందరూ కుటుంబాలతో సహా వచ్చి ఆ దీపాల మధ్య నడుస్తారు. ఎవరింటికి ఎవరు వెళ్ళినా పొట్లం కట్టి తీపి చేతిలో పెడతారు. అందులో "కుర్మా" అనేది ఒకటి వుంటుంది. మైదా ముక్కలు వేయించి పంచదార పాకం పడతారు. మన గవ్వలకి స్వయానా చెల్లెలు.

అంత అందంగా వుంటే నేనేం చేశాను? మొహం ముడుచుకుని కూర్చున్నాను. అమ్మానాన్నల దగ్గర లేని మొదటి దీపావళి. అక్కడ సాయంత్రమయ్యేసరికి మన దగ్గర పండగ అయిపోయి తెల్లవారబోతూ వుంటుంది. ఆ బెంగంతా వంకలు వెతకడంగా మారింది. నానీ ఇంట్లో నలుగురూ కూర్చుని వుండగా, "మా దేశంలో ఇలా చెయ్యరు. నరకాసురుడి మాటే ఎత్తరేమిటి మీరు? ఈ వెదుళ్ళేమిటి? గులాబ్ జామూన్ ఇంత గట్టిగా వుంటుందా ఎక్కడైనా?" అని పెద్ద తెలిసినదానిలా ఏకరువు పెట్టాను. నవ్వుతూనే అన్నాను. అయినా అన్నాను.

ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళంతా వెళ్ళాక నానీ దీపాల్లో నూనె పోస్తూ నెమ్మదిగా అడిగింది.

"మీ దేశంలో మేమెవరికన్నా గుర్తున్నామా, బేటీ?"

నేను బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. పానిపట్టు యుద్ధాలు మూడూ తేదీలతో సహా అప్పజెప్పగలను. కాని ఈ దీవికి మనవాళ్ళు ఎందుకొచ్చారో, ఎలా వచ్చారో ఒక్క ముక్క కూడా నాకు తెలియదు. "ఆ, ఎందుకు లేరూ" అని అబద్ధం ఆడాను. ఆవిడ నా మొహం చూసి మరి రెట్టించలేదు.

ఆ సిగ్గుతోనే లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టాను.

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం 1834లో చట్టప్రకారం పోయింది. నిజంగా పోయేసరికి 1838 ఆగస్టు అయింది. విడుదలైన నల్లవాళ్ళు, తాము దెబ్బలు తిన్న చెరుకుతోటల్లోనే పాత షరతుల మీద మళ్ళీ పనిచెయ్యడానికి ఎందుకొప్పుకుంటారు? దొరలకి చవకగా పనిచేసే చేతులు కావలసివచ్చాయి. 1845 ఫిబ్రవరి 16న కలకత్తాలో బయల్దేరిన "ఫతేల్ రజాక్" అనే ఓడ, 103 రోజులు సముద్రంలో వుండి, మే 30న సుమారు 225 మందితో పోర్ట్ ఆఫ్ స్పెయిన్ చేరింది. అది మొదలు, 1917 దాకా లక్షా నలభై వేలమందికి పైగా అలా వచ్చారు. ఎక్కువమంది నేటి ఉత్తరప్రదేశ్, బీహార్ ప్రాంతాల వాళ్ళు. మద్రాసు రేవు నుంచి కూడా కొన్ని ఓడలు వచ్చాయి. వాటిలో అరవవాళ్ళూ వున్నారు, మన తెలుగువాళ్ళూ వున్నారు. దిగినవాళ్ళందరికీ ఒకటే పేరు, "మద్రాసీ". నరకాసురుడు అక్కడెందుకు లేడో అప్పుడర్థమైంది. ఎక్కువమంది ఎక్కణ్ణించి వస్తే వాళ్ళ పండగే దీవి పండగ అయింది.

వాళ్ళదీ కాంట్రాక్టే! అయిదేళ్ళు ఒకే తోటకి కట్టుబడి పనిచెయ్యాలి. మగవాళ్ళకి రోజుకి 25 సెంట్లు కూలి. చేతిలో చీటీ లేకుండా తోట దాటి బయట కనిపిస్తే పట్టుకెళ్ళి జైల్లో వేసేవారు. పనికి రాకపోతే జరిమానా, లేదా జైలు. అగ్రిమెంటన్న మాట నోరు తిరక్క "గిర్మిట్" అయింది. ఊరికే తిరుగు ప్రయాణం కావాలంటే దీవిలో పదేళ్ళు వుండాలి. పదేళ్ళయ్యేసరికి పిల్లలు పుట్టేవారు. ఊళ్ళో వున్న తల్లిదండ్రులు వున్నారో పోయారో కూడా తెలిసేది కాదు. 1869 నుంచి కొన్నేళ్ళపాటు, టిక్కెట్టు వదులుకుంటే భూమి ఇస్తామని సర్కారు ఆశ చూపింది. వెనక్కి వెళ్ళినవాళ్ళకన్నా వుండిపోయినవాళ్ళే ఎన్నో రెట్లు ఎక్కువ.

నా బీరువాలో మా టిక్కెట్లు గుర్తుకొచ్చి, ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఆడవాళ్ళ సంగతి చెప్పాలి. నూరుమంది మగవాళ్ళకి కనీసం నలభైమంది ఆడవాళ్ళని ఎక్కించాలని తర్వాత తర్వాత నిబంధన పెట్టారు. వచ్చినవాళ్ళలో భర్తల వెంట వచ్చినవాళ్ళున్నారు. ఒంటరిగా వచ్చినవాళ్ళూ చాలామంది వున్నారు. వితంతువులు, అత్తింట్లో వేగలేనివాళ్ళు, కరువుకి తిండి లేనివాళ్ళు. గుమ్మం దాటితేనే నిందలేసే రోజుల్లో ఏడు సముద్రాలు దాటారంటే, వెనక వున్న బతుకు ఎలాంటిదో ఊహించుకోవచ్చు. ఒకే ఓడలో వచ్చినవాళ్ళని "జహాజీ" బంధువులనేవారు. కులమూ గోత్రమూ తెలియకపోయినా ఓడ ఒకటైతే చాలు, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే. వాళ్ళ పిల్లలు పెళ్ళాడుకోవడం కూడా తప్పనుకునేవారట.

ఇంకో మాట. హిందూ పద్ధతిలో జరిగిన పెళ్ళిని అక్కడి చట్టం చాలాకాలం పెళ్ళిగా ఒప్పుకోలేదు. అందుకు చట్టం 1945లో గాని రాలేదు. అప్పటిదాకా అగ్నిసాక్షిగా పెళ్ళాడిన ఇల్లాలు కాగితం మీద ఇల్లాలు కాదు. ఆవిడ పిల్లలు అక్రమ సంతానం. నానీ ఈ సంగతి చెబుతూ, "మా అమ్మకి పెళ్ళయింది. సర్కారుకి తెలియలేదు, అంతే" అని నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు.

మా ఇల్లు కూవా అనే ఊళ్ళో. చుట్టూ ఒకప్పుడు అంతా చెరుకే. ప్రభుత్వ చక్కెర కంపెనీ 2003లో మూతపడ్డాక చేలు చాలాభాగం బీడుపడ్డాయి. దగ్గర్లోనే వాటర్లూ అనేచోట సముద్రంలో ఒక గుడి వుంది. శివదాస్ సాధు అనే తోటకూలీ 1947లో చక్కెర కంపెనీ నేల మీద చిన్న గుడి కట్టుకున్నాడు. తీసెయ్యమన్నారు. తియ్యనన్నాడు. పధ్నాలుగు రోజులు జైల్లో పెట్టి గుడి పడగొట్టారు. బయటికొచ్చి ఆయన ఏమన్నాడంటే, నేల మీద చోటు లేకపోతే సముద్రం ఎవరిదీ కాదుగా అన్నాడట! సైకిలుకి బాల్చీలు తగిలించుకుని రాళ్ళూ సిమెంటూ మోసి, పాతికేళ్ళపాటు నీళ్ళలో గట్టు పోసుకుంటూ ఒంటరిగా గుడి కట్టాడు. అలలు కొంత కొట్టేసేవి. మళ్ళీ పోసేవాడు. ఆయన పోయాక, 1995లో, మనవాళ్ళు ఆ దీవి చేరి నూటయాభై ఏళ్ళయిన సందర్భంలో ప్రభుత్వమే ఆ గుడిని తిరిగి కట్టించింది. పోటు వచ్చినప్పుడు చూస్తే గుడి నీళ్ళమీద తేలుతున్నట్టు వుంటుంది. నేను నలుగురిలో వెక్కిరించిన దీపావళి, ఆ రాళ్ళు మోసినవాళ్ళ దీపావళి.

పండగలకేం, ఆ దేశంలో కొదవలేదు. కొత్త సంవత్సరం వచ్చిందగ్గర్నించీ జనానికి కార్నివాల్ యావ. రెండు రోజులు దేశం దేశమంతా రోడ్డెక్కి ఆడుతుంది. నూనె పీపాల అడుగులు సాగగొట్టి, వాటిమీద సప్తస్వరాలూ పలికిస్తారు. డప్పులు వాయించరాదని దొరలు నిషేధిస్తే, వెదుళ్ళతో మొదలెట్టి చివరికి ఇనుముని పాడించిన జాతి అది! ఆ "స్టీల్‌పాన్"ని 1992లో జాతీయ వాద్యంగా ప్రకటించారు.

నాకు మరీ దగ్గరగా తోచింది "హోసే". మన మొహర్రమే. వెదురుతో, రంగుకాగితాలతో మేడల్లాంటి తాజియాలు కట్టి, ఊరేగించి, చివరికి సముద్రంలో కలుపుతారు. ముస్లిముల పండగే అయినా అందరూ చెయ్యి వేస్తారు. మన పల్లెల్లో పీర్లపండుగకి హిందువులు ముందు నడవడం లేదూ, అలాగే. "తాసా" అనే డప్పుల్ని మంట దగ్గర పెట్టి కాచి, చర్మం బిగిశాక వాయిస్తారు. మన డప్పుల వాళ్ళు గడ్డిమంట వేసి కాచినట్టే. 1884 అక్టోబరు 30న శాన్ ఫెర్నాండోలో ఈ ఊరేగింపు పట్టణంలోకి రాకూడదని ప్రభుత్వం అడ్డుపడింది. అయినా పండగ ఆపకుండా వచ్చిన కూలీల మీద తుపాకులు పేల్చింది. పదహారు మందికి తక్కువ కాకుండా చనిపోయారు. వందమంది పైనే గాయపడ్డారు. పండగ చేసుకుంటామన్నందుకు!

ఇక క్రిస్మస్. నా కథకి అసలు పండగ అదే.

అక్కడ క్రిస్మస్‌కి మతభేదం లేదు. నానీ హిందువైనా గోడలకి రంగులు వేయించి, కొత్త కర్టెన్లు కుట్టించింది. వెనెజ్యులా నుంచి వచ్చిన స్పానిష్ పాటలు పాడుకుంటూ జట్లు జట్లుగా ఇళ్ళకి వస్తారు. నెలల తరబడి రమ్‌లో నానబెట్టిన ఎండుపళ్ళతో నల్లని కేకు చేస్తారు. వాటితోబాటు "సోరెల్" అనే ఎర్రటి పానకం వుండి తీరాలి. ఆ పానకానికి సరుకు నానీ పెరట్లోనే వుందంటే కోసిపెడదామని వెళ్ళాను. వెళ్ళి, గొంతు చించుకుని అరిచాను.

"గోంగూర!"

సాక్షాత్తూ ఎర్రగోంగూర. ఎర్రకాడలు, ఆ ఆకులు, ఆ పులుపు. నానీ ఎర్రటి కాయల రేకలు ఒలిచి బుట్టలో వేస్తోంది. వాటిని అల్లం, దాల్చిన చెక్క, లవంగాలు వేసి మరిగించి పానకం చేస్తారు. ఆకులు దూసి పక్కింటి మేకకి వేస్తోంది! నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మేక నోటి దగ్గర్నుంచి ఆకు లాక్కుని ఇంటికి పరుగెత్తాను. మన గోంగూరని మనవాళ్ళే ఓడలో తెచ్చుకున్నారనుకుని ఎంత పొంగిపోయానో! తర్వాత చదివితే తెలిసింది, ఆ మొక్క ఆ దీవులకి ఆఫ్రికా నుంచి వచ్చిందట. మన కూలీలు రాకముందునుంచే అక్కడ వుందట. బానిసలై వచ్చినవాళ్ళు దాని కాయ తాగారు, మనం ఇక్కడ దాని ఆకు తిన్నాం. మొక్క మాత్రం ఒక్కటే.

నూనెలో ఆకు మగ్గించి, ఎండుమిరపకాయలు, మెంతులు, ఆవాలు వేయించి, వెల్లుల్లి వేసి నూరాను. వేడి అన్నం, పచ్చడి, పైన నూనె. నానీని భోజనానికి పిలిచాను. "మేకమేత వండిపెడతావా?" అంటూనే వచ్చింది. ఒక ముద్ద తిని, కాసేపు మాట్లాడలేదు. తర్వాత గరిటె అందుకుని, మావాడి కంచంలో అన్నం వడ్డిస్తూ ఏదో అంది. "ఇంగొంజే, ఇంగొంజే..."

నా చెయ్యి ఆగిపోయింది. "ఏమన్నారు నానీ?"

"అదా? మా ఆజీ అన్నం పెడుతూ అలా అనేది" అంది. ఆజీ అంటే వాళ్ళకి నానమ్మ. "వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుందట. వాళ్ళమ్మ మద్రాసు ఓడలో వచ్చింది. అన్నం తరగకుండా చదివే మంత్రమేమో అనుకుంటాం మేము. మా పిల్లలకి వడ్డించేటప్పుడు నేనూ అంటాను. అర్థం తెలీదు."

"ఇంకొంచెం" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. "మంత్రం కాదు నానీ. ఇంకాస్త పెట్టుకో, ఇంకొంచెం తిను అని. మా అమ్మ కూడా అలాగే అంటుంది."

ఆవిడ చాలాసేపు ఆ మాటని నోట్లోనే తిప్పుకుంది. తర్వాత అడిగింది, "అయితే మేము మీవాళ్ళమా బేటీ?"

అవుననాలని నా ప్రాణం కొట్టుకుపోయింది. కాని అరవంలోనూ "ఇన్నుం కొంజం" వుంది. "కరాపులే" ముందే అరవాన్ని చూపించింది. ఆ ముత్తవ్వ తెలుగావిడో అరవావిడో ఈ ఒక్క ముక్కతో నేను తేల్చలేను. దీపావళినాడు ఒక అబద్ధం ఆడాను, మళ్ళీ ఆడలేకపోయాను. ఉన్నమాటే చెప్పాను. "మా భాషే అయినా, మా పక్కింటి భాషే అయినా, మాటకి అర్థం మాత్రం ఇదే" అన్నాను.

"పక్కింటిదైతే ఏం? నేనూ పక్కింటిదాన్నే కదా!" అంది నానీ కంచం ముందుకు జరిపి. "ఇంగొంజే!"

ఆలోచిస్తే విచిత్రంగా వుంటుంది. పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఎత్తు, ఒంటిమీది మచ్చలతో సహా దొరలు కాగితాల మీద రాసుకున్నారు. ఆ కాగితం నానీ ఇంట్లో లేదు. ఊరి పేరు పోయింది, భాష పోయింది. ఎవరో ఒక తల్లి పిల్లకి అన్నం పెడుతూ అన్నమాట ఒక్కటి మాత్రం, అర్థం పోయాక కూడా, కంచం పక్కన నిలిచివుంది. చాగ్వానస్‌లో పుట్టిన వి.ఎస్. నైపాల్ ఆ మనుషుల మీద గొప్ప నవల రాశాడు, 2001లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. నేనూ నవలలు రాస్తాను గాని, అలాంటి ఒక్క మాట కల్పించడం నావల్ల కాదు.

ప్రతి ఏటా మే 30న అక్కడ "ఇండియన్ అరైవల్ డే" సెలవు. సముద్రపు ఒడ్డున, మూటలు నెత్తిన పెట్టుకుని ఓడ దిగినట్టు పిల్లలు వేషాలు కడతారు. మొదటి ఏడాది నేను కెమెరా పట్టుకుని వేడుక చూడ్డానికి వెళ్ళాను. ఆఖరి ఏడాది నానీ పక్కన, తెల్లచీర కట్టుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. ఆ ముత్తవ్వ ఏ మే నెలలో దిగిందో, ఎవరి చెయ్యి పట్టుకుందో అనుకుంటూ.

మా కాంట్రాక్టు 2015లో అయిపోయింది. మా టిక్కెట్లు మాకున్నాయి కనక వచ్చేశాం.

ఇప్పటికీ నెలకోసారి ఫోను వస్తుంది. మాకు తెల్లవారి ఆరు గంటలు, వాళ్ళకి ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. పాలు పొయ్యిమీద పెట్టి ఫోనెత్తితే, "గుడ్ నైట్ బేటీ!" అని వినిపిస్తుంది. మావారు నవ్వుతారు, పొద్దున్నే గుడ్ నైట్ ఏమిటని. నాకు తెలుసు, అది వెళ్ళే మాట కాదు, వచ్చే మాట. పాలు దించి కుర్చీ లాక్కుంటాను. మొన్న ఫోనులో ఆవిడ చెప్పిన కబురేమిటంటే, పెరట్లో సోరెల్ బాగా కాసిందట. ఈసారి మేకకి ఆకు వెయ్యలేదట.